టెక్ సందేహాలు: పదో అధ్యాయం ఎటు పోయింది?

ప్రశ్న: డిగ్రీ పిల్లలకు మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చెబుతున్నాను. అందరూ ఫోన్లలో ఉచిత ఈబుక్ దించుకున్నారు. పదో అధ్యాయం తీయమంటే సగం మందికి అది లేనే లేదు! ఎలిజబెత్ కథానాయకుడు విక్టర్‌కి మేనత్త కూతురని ఒకరంటే, పెంచుకున్న అనాథ అని ఇంకొకరు వాదిస్తున్నారు. ఫైలు పాడైందా?
– ఓ ఇంగ్లిష్ లెక్చరర్, రాజమహేంద్రవరం

జవాబు: ఫైలు బాగానే ఉంది మేడమ్, మీ పిల్లలిద్దరూ కరెక్టే. ఈ నవల 1818లో రచయిత్రి పేరు లేకుండా మూడు సంపుటాలుగా వచ్చింది. 1831లో ఆమే తిరగరాసి, ఒకే సంపుటంగా మళ్లీ తెచ్చారు. పాతదాంట్లో సంపుటం మారినప్పుడల్లా అధ్యాయాల లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది. 7, 9, 7... ఇక పది ఎక్కడిది? కొత్తదాంట్లో మొదటి అధ్యాయాన్ని పెంచి రెండు చేయడంతో వరసగా 24 అయ్యాయి. మీరు తీయమన్న పదోది, అదే మంచుకొండల మీద విక్టర్‌కి తను చేసిన ప్రాణి ఎదురుపడేది, పాతదాంట్లో రెండో సంపుటం రెండో అధ్యాయం.

మీ దగ్గరున్నది ఏ పాఠమో, అంటే ఏ కూర్పో, గుర్తుపట్టడానికి విషయసూచిక చూస్తే చాలు. ముందుమాటను మాత్రం నమ్మొద్దు. 1831లో ఆవిడ రాసిన పరిచయాన్ని 1818 పాఠం వేసేవాళ్లూ అనుబంధంగా చేరుస్తుంటారు. ఉచిత ఈబుక్‌ల సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో రెండూ ఉన్నాయి: ఈబుక్ నంబరు 84 అయితే 1831ది, 41445 అయితే 1818ది. అచ్చు పుస్తకం కొన్నా ఇదే తిప్పలు. పెంగ్విన్, ఆక్స్‌ఫర్డ్ రెండు పాఠాలూ వేశాయి, కాబట్టి ప్రచురణకర్త పేరు చూసి కొంటే లాభం లేదు.

ఏది చెప్పాలంటారా? సిలబస్‌లో ఫలానాదని ఉంటే అదే. లేదంటే నా ఓటు 1818కే. అందులో విక్టర్ తప్పులు చాలావరకు విక్టర్‌వే. 1831కి వచ్చేసరికి మాటిమాటికీ తలరాత అడ్డొస్తుంది. క్లాసులో వాదన పుట్టాలంటే మొదటిదే మేలు. ఆ పరిచయం మాత్రం వదలకండి, 1816లో జెనీవా సరస్సు ఒడ్డున కథ ఎలా పుట్టిందో ఆవిడ మాటల్లోనే ఉంటుంది.

తేడాలు చూపించాలనుకుంటే వర్డ్‌లో ‘రివ్యూ’ ట్యాబ్ కింద ‘కంపేర్’ ఉంది. ఎలిజబెత్ ఇంటికొచ్చే భాగాన్ని రెండు పాఠాల్లోంచీ కాపీ చేసి, రెండు ఫైళ్లుగా పెట్టి పోల్చండి. మార్పులన్నీ రంగుల్లో కనబడతాయి. పుస్తకం మొత్తం ఒకేసారి ఇచ్చారో, తెర నిండా ఎరుపే!

ఇక మీరు ఎంచుకున్న ఈపబ్ (ఈబుక్‌ల ఫార్మాట్) ఫైలు ఒక్కటే క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. పేజీ నంబరు చెప్పకండి, అక్షరాల సైజు మారితే పేజీలూ మారిపోతాయి. అధ్యాయం, అందులో ఓ నాలుగు మాటలు చెబితే సెర్చ్‌లో అందరికీ ఒకేచోట తెరుచుకుంటుంది. అమెజాన్ ఈబుక్ రీడర్ కిండిల్ ఉన్నవాళ్లు అదే ఈపబ్‌ను ‘సెండ్ టు కిండిల్’తో పంపుకోవచ్చు, ఫార్మాట్ మార్చే పని లేదు.