సివ్ ఏడు మీద తీర్పు రాసేముందు అత్త మాట ఒకటి

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, నువ్వు సివిలైజేషన్ ఏడు మీద, అదే ఊళ్ళు కట్టి సామ్రాజ్యం పెంచే మన కంప్యూటర్ ఆట సివ్‌లో ఏడో భాగం మీద, పెద్ద రివ్యూ రాస్తున్నావట, మూడు రాత్రుల నుంచి నిద్ర లేదట, "ఆరు కంటే ఏడు బాగుందో లేదో ఈ ఆదివారానికల్లా తేల్చేస్తా, అత్తకి చెప్పు" అన్నావట. వినగానే ఎంత పొంగిపోయానో, మన ఇంట్లో నా తర్వాత ఇంకొకళ్ళు ఈ ఆటల గురించి కూర్చుని ఆలోచిస్తున్నారు కదా అని. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ "తేల్చేస్తా" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఇలాగే ఒకసారి నేనూ తేల్చేశాను, అందుకే ఈ ఉత్తరం.

ముందు నిద్రపో. ఇంకొక్క టర్న్ ఇంకొక్క టర్న్ అనుకుంటూ తెల్లారి నాలుగింటిదాకా ఆడి, ఆ మంటెక్కిన కళ్ళతో గేమ్ గురించి ఏ అభిప్రాయానికొచ్చినా అది నీ నిద్రలేమి చెప్పే అభిప్రాయమే. మిగతావి నీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తా. మూడు ఆటలైనా చివరిదాకా ఆడు, ప్రతిసారీ లీడర్‌ని మార్చు, ఏ ప్యాచ్ మీద, అంటే రిలీజ్ తర్వాత కంపెనీ పంపే ఏ సవరణ మీద ఆడావో తేదీతో సహా రాయి, "చెత్త" అనే మాట వాడకు. చివరిదాకా అంటే ఏడులో ఉన్న మూడు ఏజ్‌లూ, మూడు యుగాలూ అని, మొదటిదైన యాంటిక్విటీ రెండుసార్లు ఆడేసి రెండోదైన ఎక్స్‌ప్లొరేషన్ సగంలో వదిలేస్తే గేమ్ ఆడినట్టు కాదు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు దేన్ని దేంతో పోలుస్తున్నావ్? మీ అమ్మతో "ఏడులో లాయల్టీ లేదు, గవర్నర్లు లేరు, ఆరు ఎంత నిండుగా ఉండేదో" అన్నావట. ఆరు వచ్చింది 2016 అక్టోబర్‌లో, ఆ రోజు దాన్లో కూడా ఊరికి నీ మీద విధేయత పోతే చెయ్యిజారిపోయే ఆ లాయల్టీ లేదమ్మా, ఊళ్ళకి పెట్టుకునే గవర్నర్లూ లేరు, అవి 2018లో రైజ్ అండ్ ఫాల్ అనే ఎక్స్‌పాన్షన్‌తో, అంటే ఆటకి తర్వాత అమ్మే అదనపు భాగంతో వచ్చాయి. వరదలు, అగ్నిపర్వతాలు, దేశాలన్నీ ఓట్లేసే వరల్డ్ కాంగ్రెస్ 2019లో గాదరింగ్ స్టార్మ్ అనే రెండో ఎక్స్‌పాన్షన్‌తో వచ్చాయి. నీ మనసులో ఉన్న ఆరు రెండు ఎక్స్‌పాన్షన్లు, ఎన్నో ప్యాచ్‌లు తిని పెరిగిన ఆరు. దాని పక్కన నిన్నగాక మొన్న పుట్టిన దాన్ని నిలబెట్టి పొట్టిగా ఉందంటే ఎలా.

అలాగని అస్సలు పోల్చొద్దని కాదు, అది కూడా తప్పే. ఈరోజు కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి ఆరూ ఏడూ రెండూ ఎదురుగానే ఉంటాయి, వాడికి కావాల్సింది ఇవాళ ఏది ఆడితే సంతోషం అని. డిజైన్ ముందుకెళ్ళిందా అన్నది వేరే ప్రశ్న. చాలామంది మొదటి ప్రశ్నకి వచ్చిన జవాబు తీసుకెళ్ళి రెండోదానికి పెట్టేస్తారు. నువ్వు రెండింటికీ విడివిడిగా రాయి, రెండు జవాబులు రెండు దిక్కులకి పోయినా సరే భయపడకు.

ఇక నా సంగతి. చాలా ఏళ్ళ కిందటిది, మీ నాన్న నీకెప్పుడూ చెప్పుండడు.

2005లో సివ్ నాలుగు వచ్చినప్పటి నుంచి నేనూ మీ నాన్నా హాట్‌సీట్ ఆడేవాళ్ళం. హాట్‌సీట్ అంటే ఒకటే కంప్యూటర్, ఒకటే మౌస్, తన టర్న్ అవగానే అన్నయ్య లేచేవాడు, నేను కూర్చునేదాన్ని, నా టర్న్ అయ్యేదాకా తను గోడ వైపు తిరిగి నిలబడేవాడు, దొంగచూపులు చూడకుండా. ఆటలో కొత్త టెక్, అంటే కొత్త విద్య కనుక్కున్నప్పుడల్లా ఏదో ఒక సూక్తి చదువుతూ నటుడు లియొనార్డ్ నిమోయ్ గొంతు వినిపించేది, అన్నయ్య గోడ వైపు తిరిగే ఆ గొంతుని అనుకరిస్తూ ఆ వాక్యం మొత్తం అప్పజెప్పేవాడు. ఐదేళ్ళు, అమ్మలూ. పెళ్ళిళ్ళయ్యాయి, ఉద్యోగాలు మారాయి, కలిసినప్పుడల్లా ఆ ఆట మాత్రం సాగుతూనే ఉండేది. అప్పట్లో నేను ఒక చిన్న పత్రికకి గేమ్‌ల పేజీ రాసేదాన్ని, అన్నయ్యకి అదంటే ఎంత గర్వమో, నేను రాసింది పదిమందికి చూపించేవాడు.

2010 సెప్టెంబర్‌లో ఐదు వచ్చింది. నాలుగు రోజులాడి ఐదోరోజు రాసిచ్చేశాను. ఏం ఆడానో చెప్తా విను, ఎందుకంటే నువ్వు ఇప్పుడు ఏడుతో చేస్తున్నది అదే అని నా అనుమానం. నాలుగులో ఎలా ఆడేదాన్నో ఐదులోనూ అచ్చం అలాగే ఆడాను. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ సిటీ పెట్టాను, ఐదులో సంతోషం సామ్రాజ్యం మొత్తానికీ ఒకటే లెక్క కాబట్టి ప్రతి కొత్త సిటీ ఆ సంతోషాన్ని తినేస్తుంది, నా జనం అంతా ఏడుపు మొహాలు పెట్టుకున్నారు, నేను గేమ్‌ని తిట్టాను. వర్కర్లతో ప్రతి టైల్ మీదా, అంటే మ్యాప్‌లో ప్రతి గడి మీదా రోడ్డు వేయించాను, ఐదులో రోడ్డుకి ప్రతి టర్న్ మెయింటెనెన్స్ పడుతుంది, ఖజానా ఖాళీ అయింది, మళ్ళీ గేమ్‌నే తిట్టాను. నాలుగులో ఒకే టైల్ మీద ఇరవై యూనిట్ల దండు పేర్చి పంపేదాన్ని, ఇక్కడ టైల్‌కి ఒకటే యుద్ధ యూనిట్, నా సైన్యమంతా రెండు కొండల మధ్య ఇరుకు దారిలో ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని నిలబడిపోయింది, ముందున్న యూనిట్ చస్తే తప్ప వెనకున్నది కదల్లేదు. అప్పుడు రాశాను, "ఇది సివిలైజేషన్ కాదు" అని, ఆ వాక్యమే హెడ్డింగ్ కూడా అయింది.

నేను రాసిందంతా తప్పని కాదు. మతం తీసేశారు, గూఢచారుల్ని తీసేశారు, టైల్‌కి ఒక యూనిట్ అనే రూల్‌తో ఏఐ, అంటే ఎదుటి పక్షం ఆడే కంప్యూటర్, యుద్ధం చెయ్యలేక తడబడేది, అదంతా నిజమే. ఆ గేమ్ డిజైనర్ జాన్ షేఫరే తర్వాత రోజుల్లో దాన్లో ఏవి కుదరలేదో దాపరికం లేకుండా రాశాడు. కానీ వాటి వల్ల నాకు అంత కోపం రాలేదే తల్లీ. ఐదు మెనూలో నేను మొట్టమొదట వెతికింది హాట్‌సీట్. లేదు. రిలీజ్ అప్పుడు అందులో హాట్‌సీట్ లేదు, తర్వాత ఎప్పుడో ప్యాచ్‌లో ఇచ్చారు. ఆ మెనూ ముందు కూర్చుని ఇంక అన్నయ్యతో ఆట అయిపోయినట్టే అనుకున్నాను, ఆ దిగులుతోనే నాలుగు రోజులు ఆడాను, రాసేటప్పుడు మాత్రం ఆ ఒక్కటీ రాయకుండా రోడ్ల గురించీ సంతోషం గురించీ పేజీ నింపాను. చదివినవాళ్ళకి నా అసలు బాధేంటో తెలిసే దారే లేదు.

పత్రిక వచ్చిన రోజు అన్నయ్య ఫోన్ చేశాడు. ఏదో చెప్దామని మొదలుపెట్టాడు, "నేను కూడా ఆడుతున్నానే, మొన్న రాత్రి ఏమైందంటే" అన్నాడు, నేను మధ్యలో అందుకుని నా ఆర్టికల్‌లో ఉన్నదంతా మళ్ళీ వినిపించాను. కాసేపు విన్నాడు. "సరేలే, నువ్వు చెప్పావంటే అంతేగా" అన్నాడు. ఆ తర్వాత ఆ గేమ్ మాట ఎత్తలేదు. చాలా రోజులకి మీ అమ్మ చెప్పింది, ఆ రాత్రి అన్నయ్య మూడే మూడు యూనిట్లని ఒక నదీ ఒక కొండా అడ్డం పెట్టుకుని నిలబెట్టి పెద్ద దండయాత్రని ఆపేశాడట, యుద్ధం కంటికి కనిపిస్తోందే, నాలుగులో దండూ దండూ కొట్టుకుంటే ఏం జరిగిందో తెలిసేది కాదు అని మీ అమ్మని లేపి మరీ స్క్రీన్ చూపించాడట. నా మాట విన్నాక ఆ గేమ్ తీసేశాడు.

2013లో బ్రేవ్ న్యూ వరల్డ్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చాక నేను మళ్ళీ ఐదు పట్టుకున్నాను. మతం, గూఢచర్యం అంతకుముందు ఏడాదే గాడ్స్ అండ్ కింగ్స్ అనే ఎక్స్‌పాన్షన్‌తో తిరిగొచ్చాయి, ఇప్పుడు ట్రేడ్ రూట్లు, ఐడియాలజీలు. ఈసారి నాలుగే సిటీలు పెట్టాను, రోడ్లు సిటీకీ సిటీకీ మధ్య మాత్రమే వేశాను, తెల్లారేసరికి నాకు గేమ్ అర్థమైంది. హాట్‌సీట్ కూడా ఉంది అప్పటికి. వెంటనే అన్నయ్యకి ఫోన్ చేశాను. నీకప్పుడు ఐదేళ్ళు, వెనక నీ గోల వినిపిస్తోంది. "ఇప్పుడెక్కడ కుదురుతుందే" అన్నాడు, నిజంగానే కుదరదు, కోపంతో అన్నది కాదు. ఆ గేమ్ మేమిద్దరం కలిసి ఒక్కసారి కూడా ఆడలేదు.

అందుకే నీకు చెప్పేది, రాయడం మొదలుపెట్టేముందు ఒక కాగితం మీద, ఎవరికీ చూపించక్కర్లేదు, ఆరులో నీకు ఏం ఉండేదో ఏడులో అది ఎక్కడ పోయిందో ఒక్క వాక్యం రాసుకో. అదే నీ రివ్యూలో మొదటి పేరాలో పెట్టు, దాచకు. ఏడు వచ్చినప్పుడు ఏజ్ మారగానే రాజ్యం కూడా మార్చుకోవాల్సిందే, అలా మౌర్యులతో మొదలుపెట్టి చోళుల్లోకి, అక్కడ్నుంచి మొఘలుల్లోకి మారాల్సి రావడం నీకు నచ్చలేదని మీ అమ్మ మాటల్లో తెలిసింది. నీ లీడర్ అశోకుడు అలాగే ఉంటాడు, కింద రాజ్యం పేరు మారిపోతుంది. ఆ బాధ నిజమైనదే, ఐదు వందల టర్న్‌లు ఒకే పేరుతో బతికిన మనుషులం మనం. కానీ ఆ మార్పు ఎందుకు చేశారో కూడా రాయాలి మరి. చాలామంది ఆట సగంలో గెలుపు ఖాయమైపోగానే విసుగొచ్చి వదిలేస్తున్నారు, మిగతా సగం క్లిక్కులే, దాన్ని విరగ్గొట్టడానికి ప్రతి ఏజ్‌కీ మళ్ళీ మొదలు పెట్టించారు. నీకు ఆరులో చివరిదాకా ఆడిన ఆటలు ఎన్ని? నిజం చెప్పు. ఏడులో మూడో ఏజ్‌కి వచ్చేసరికి నీకు ఇంకా ఉత్కంఠ ఉందా లేదా? అది గమనించి రాస్తే నీ రివ్యూకి వెన్నెముక ఉంటుంది. అది నయం చేసింది ఎంత, దానికోసం నీ దగ్గర తీసుకున్నది ఎంత, ఈ లెక్కలో నువ్వు ఎటు తేల్చినా నాకు ఇష్టమే.

ఇంకోటి, ఏడులో కమాండర్లని, అదే సేనాపతుల్ని వాడావా అసలు? కొన్ని యూనిట్లని కలిపి కమాండర్‌లోకి ఎక్కించి ఇరుకు దారి దాటించి అవతల దింపొచ్చు. అది మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, 2010లో ఆ కొండల మధ్య ఇరుక్కున్న నా సైన్యానికి పదిహేనేళ్ళకి దారి దొరికింది. వర్కర్లు లేరని తిట్టుకునేముందు ఊరు పెరిగినప్పుడు టైల్ ఎంచుకోవడం మీద మనసు పెట్టి రెండు ఆటలు ఆడు. మెనూలు, సమాచారం చూపించే తీరు బాగాలేదని రిలీజ్ అప్పుడు అందరూ అన్నారు, అందులో నీతో నేను ఏకీభవిస్తా, దాన్ని గట్టిగానే రాయి.

మెరుగైందా అనేటప్పుడు ఎవరికి అని కూడా నిన్ను నువ్వు అడుగు. స్టార్‌క్రాఫ్ట్ అనే యుద్ధం ఆటలో 1998లో ఒక్కసారికి పన్నెండు యూనిట్లే పట్టుకోగలిగేవాళ్ళం, 2010లో రెండోది వచ్చినప్పుడు ఆ హద్దు తీసేశారు, కొత్తగా వచ్చినవాళ్ళకి ప్రాణం లేచొచ్చింది, ఆ పన్నెండుతోనే చేతులు అరగదీసుకుని ఆరితేరినవాళ్ళకి మాత్రం వాళ్ళ విద్య పోయింది. ఎక్స్‌కామ్ అనే ఇంకో యుద్ధం ఆట రెండో భాగంలో ఇన్ని టర్న్‌లలోనే ముగించాలని లిమిట్లు పెట్టినప్పుడూ అంతే, మొదటిదాంట్లో అడుగడుగునా శత్రువు కదిలితే కాల్చే ఓవర్‌వాచ్ పెట్టుకుని పాకే నాలాంటివాళ్ళం గగ్గోలు పెట్టాం.

ఆదివారం అనే గడువు తీసెయ్యి, ఎవరు పెట్టారు నీకు ఆ గడువు? ఇంకో నెల ఆడు. ఆరు కూడా మళ్ళీ ఒక ఆట ఆడు, కానీ ఎక్స్‌పాన్షన్లు ఆపేసి ఆడు, 2016లో ఎలా ఉండేదో అలా.

ఏడు రిలీజ్ అయినప్పుడు కూడా హాట్‌సీట్ లేదు, నీకు తెలుసు. ఆరులో ఉంది. ఈ శనివారం మీ నాన్నని కూర్చోబెట్టి ఆరులో హాట్‌సీట్ పెట్టు, తన టర్న్ అప్పుడు నువ్వు గోడ వైపు తిరుగు. తర్వాత ఏడులో ఒక గంట ఆడమని మౌస్ చేతికిచ్చి ఎలా ఉంది నాన్నా అని అడుగు. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో మాట్లాడకు తల్లీ, పూర్తిగా చెప్పనీ. ఏమన్నాడో నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

నీ అత్త