హోంలో వేసే ముందు ఇల్లు చూశారా?

ప్రశ్న: మా బావ రెండేండ్ల కింద చనిపోయిండు. అక్క కూలోళ్లను తీస్కపోయే మేస్త్రీ వెంట పూణె పనికి పోతది. సంక్రాంతి దాటినంక పోతే మళ్లీ మిరుగానికే రాకడ. తొమ్మిదేండ్ల పిల్ల, ఆరేండ్ల పిల్లగాడు మా అమ్మ దగ్గరుంటరు. ముసల్దానికి చూపు తగ్గింది. హోంలో వేస్తే తిండి, చదువు వాళ్లే చూసుకుంటరని ఊర్లో అంటున్నరు. వేయమంటారా?
– ఒక మేనమామ, అచ్చంపేట మండలం

జవాబు: తొందరపడకండి. 2015 బాల న్యాయ చట్టం హోంను చివరి దారిగానే చూస్తుంది. పేదరికం ఒక్కటే ఇబ్బందైతే పిల్లలు ఇల్లు వదలడం కాదు, సాయమే ఇంటికి రావాలి. పిల్లల పరిరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ ఉన్నది అందుకే. ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. భర్త పోయిన తల్లి పిల్లలు అర్హులే.

దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. మీకు అది నాగర్‌కర్నూల్. 2016లో జిల్లాలు విడిపోయాక మహబూబ్‌నగర్ దాకా పోయే పని లేదు. తండ్రి మరణ ధ్రువపత్రం, మీసేవలో తీసిన ఆదాయ ధ్రువపత్రం, ఆధార్‌లు, బడి నుంచి బోనఫైడ్, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి. పని ఎక్కువగా ఆగేది రెండు చోట్ల. ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఒక పేరు ఉండటం మొదటిది. తల్లి వలసలో ఉంటే బ్యాంకులో వేలిముద్ర పెట్టేవారు లేకపోవడం రెండోది. అందుకే మీ అక్క ఊళ్లో ఉన్నప్పుడే ఖాతా పని ముగించండి. పిల్లల్ని హాస్టల్లో చేరిస్తే ఈ సాయం ఆగిపోతుంది, అది లెక్కలో పెట్టుకోండి.

అయితే డబ్బు వచ్చినా అమ్మకు చూపు రాదు. రాత్రిపూట ఇంట్లో ఎవరుంటారు, పొయ్యి దగ్గర ఎవరుంటారు? తొమ్మిదేళ్ల పిల్లే వండుతుంటే బడి మానడానికి ఎక్కువ రోజులు పట్టదు. మీరే దగ్గర ఉంచుకోగలిగితే, బిడ్డ ఎక్కడ ఉండాలో తేల్చే బాలల సంక్షేమ కమిటీకి ఆ మాట రాసివ్వండి. సొంతవాళ్ల ఇల్లు ఉండగా కమిటీ హోం వైపు చూడకూడదు.

ప్రశ్న: జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఔట్‌రీచ్ వర్కర్‌గా కొత్తగా చేరాను. బిడ్డ ఇంటి పరిస్థితి చూసి రాసే నా సామాజిక విచారణ నివేదికలను ‘వివరాలు చాలవు’ అని బాలల సంక్షేమ కమిటీ తిప్పి పంపుతోంది. 15 రోజుల గడువు చాలడం లేదు. ఎక్కడ తప్పుతున్నాను?
– ఒక ఉద్యోగిని, మహబూబ్‌నగర్

జవాబు: మీ నివేదికల్లో ‘కుటుంబ పరిస్థితి బాగోలేదు, హోంలో ఉంచడం శ్రేయస్కరం’ అన్న వాక్యం ఎన్నింట్లో ఉందో ముందు లెక్కపెట్టండి. ఆ ఒక్క వాక్యంతో కమిటీ ఏమీ తేల్చలేదు. బిడ్డను మొదట తమ ముందుంచిన రోజు నుంచి నాలుగు నెలల్లో వాళ్లు తుది ఉత్తర్వు ఇవ్వాలి. దానికి మీ కాగితమే ఆధారం.

గడువు సంగతి. విచారణ చేయమన్న ఉత్తర్వు చేతికొచ్చిన మూడు నాలుగు రోజుల్లోనే మొదటిసారి ఇంటికి వెళ్లండి. పాలమూరు పల్లెల్లో తాళం వేసిన తలుపే కనిపించవచ్చు, వాళ్లు ఏ ఇటుక బట్టీలోనో ఉంటారు. పన్నెండో రోజు బయల్దేరితే ఆ సంగతి పన్నెండో రోజునే తెలుస్తుంది. కుటుంబం వేరే జిల్లాలో ఉంటే అక్కడి విభాగంతో విచారణ చేయించమని వెంటనే కమిటీని అడగండి.

ముందు బిడ్డతో మాట్లాడాలి, అదీ హోం సూపరింటెండెంట్ లేని చోట. లంబాడీ పిల్లలకు తెలుగు వచ్చినా మనసులో మాట వాళ్ల భాషలోనే వస్తుంది. దుబాసీగా చుట్టాన్ని మాత్రం పెట్టుకోకండి. ఆ తర్వాత ఇంటివాళ్లు, టీచరు, అంగన్‌వాడీ టీచరు, ఆశ కార్యకర్త. సర్పంచ్‌ని చివర కలవండి. ముందే కలిస్తే ఊరంతా ఆయన మాటే అప్పజెబుతుంది. బిడ్డ హోంలో ఎందుకుందో ఇరుగుపొరుగుకు చెప్పకూడదు.

ఇంట్లో చూడాల్సినవి: ఎందరు ఉంటారు, బిడ్డ ఎక్కడ పడుకుంటుంది, మరుగుదొడ్డి ఉందా, బడి ఎంత దూరం, మూడు నెలల హాజరు ఎంత. చాలామంది అడగనిది మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు. ఎంత తీసుకున్నారు, ఎన్ని చేతుల పనికి తీసుకున్నారు? ఆ లెక్కలో బిడ్డ చేతులు కూడా ఉంటే, ఇంటికి పంపిన నెలలోపే బట్టీకి పోతుంది. అప్పుడు మీ సిఫార్సులో కార్మిక శాఖ ప్రస్తావన కూడా రావాలి.

రాసేటప్పుడు కళ్లారా చూసింది, ఇతరులు చెప్పింది, మీ అభిప్రాయం – మూడింటినీ మూడు పేరాల్లో పెట్టండి. ‘తండ్రి తాగుబోతు’ అనేది తీర్పు. ‘రెండుసార్లు సాయంత్రం వెళ్లాం, రెండుసార్లూ మత్తులో ఉన్నాడు, కూలిలో సగం ఇంటికి ఇస్తాడని భార్య చెప్పింది’ – కమిటీకి పనికొచ్చేది ఇది. వయసును ముఖం చూసి వేయకండి. ముందు బడి పత్రం, అది లేకపోతే పంచాయతీ జనన పత్రం, ఏదీ దొరక్కపోతేనే ఎముకల పరీక్ష.

సిఫార్సు వరుసలో రాయండి: తల్లిదండ్రులు, బంధువులు, ఫాస్టర్ కేర్ (వేరే కుటుంబంలో కొంతకాలం పెంచడం), ఆ తర్వాతే హోం. ఒక్కో దారి ఎందుకు కుదరలేదో ఒక్కో వాక్యం చాలు. ఇంటికి పంపమంటే మళ్లీ ఏయే తేదీల్లో వెళ్లి చూస్తారో కూడా వేయండి. చాలా నివేదికల్లో ఈ తేదీలే ఉండవు.

ప్రశ్న: ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతున్నాను. డిసర్టేషన్ కోసం బాలసదనం అనే ప్రభుత్వ హోంలో 30 మంది పిల్లల్ని ఇంటర్వ్యూ చేద్దామనుకుంటున్నాను. సూపరింటెండెంట్ మేడం సరేనన్నారు. ఇక మొదలుపెట్టవచ్చా?
– ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: వద్దు. బాలల సంక్షేమ కమిటీ నుంచి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. యూనివర్సిటీలో నైతిక పరిశీలన కూడా అయిపోవాలి. ఆ తర్వాత పిల్లల ఒప్పుదల. హోంలో పెరిగే బిడ్డకు పెద్దవాళ్లతో ‘నేను చెప్పను’ అనడం అలవాటుండదు. రెండు రంగుల అట్టముక్కలు చేతికివ్వండి. ఎర్రది తిప్పితే మీరు ఆపేయాలి. మొదటి పది నిమిషాల్లో ఒక్కరూ ఎర్రది తిప్పకపోతే వాళ్లకు అర్థం కాలేదని అనుమానించండి.

‘ఇక్కడికెందుకొచ్చావు’ అని అడగొద్దు, అది ఫైల్లో ఉంటుంది. ఫొటోలు వద్దు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు: తండా, వయసు, తండ్రి ఎలా పోయాడో కలిపి రాస్తే ఊళ్లో ఎవరైనా గుర్తుపడతారు. గుర్తు బయటపెడితే ఆరు నెలల జైలు, 2 లక్షల జరిమానా దాకా ఉంది. ‘ఎవరికీ చెప్పను’ అని బిడ్డకు మాటివ్వకండి. లైంగిక వేధింపు సంగతి బయటికొస్తే పిల్లలపై లైంగిక నేరాల నివారణకున్న పోక్సో చట్టం ప్రకారం మీరు ఫిర్యాదు చేయాల్సిందే. ఆ ముక్క ముందే చెప్పండి.

అసలు 30 ఇంటర్వ్యూలు ఎందుకు? ఇంటికి తిరిగి వెళ్లిన పిల్లలు ఏడాది తర్వాత బడిలో ఉన్నారా అని హాజరు రిజిస్టర్ల ద్వారా చూడండి. పిల్లల్ని కదిలించే పని తగ్గుతుంది, జిల్లాకూ ఉపయోగపడుతుంది.

ప్రశ్న: పెళ్లయి పదకొండేళ్లు, పిల్లల్లేరు. ఒక తండాలో మూడో ఆడపిల్లను ఇచ్చేస్తారని, ఖర్చులు పెట్టుకుంటే చాలని మధ్యవర్తి అంటున్నాడు. బాండు పేపరు మీద రాయించుకోవచ్చా?
– దేవరకొండ నుంచి ఒక దంపతులు

జవాబు: ఆ ‘ఖర్చులు’ పేరేదైనా చట్టం దృష్టిలో బిడ్డ కొనుగోలే. ఐదేళ్ల కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా ఉంటుంది. బాండు పేపరు మీకు రక్ష కాదు, మీ మీదే సాక్ష్యం. దత్తత కావాలంటే కారా (దత్తతలు చూసే కేంద్ర సంస్థ) వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోండి. వరుస రావడానికి ఏళ్లు పట్టవచ్చు, కానీ వచ్చిన బిడ్డను ఎవరూ వెనక్కి లాక్కోలేరు.

ఆ తల్లి నిజంగానే పెంచలేని స్థితిలో ఉంటే బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువుంటుంది. మధ్యవర్తి చేతుల మీదుగా పోతే ఆమెకు ఆ 60 రోజులూ దక్కవు. ఈరోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి తండా పేరు చెప్పండి. మీ పేరు చెప్పాల్సిన పని లేదు.