గోమార్ల మీద పరిశోధన కూడా ఒక చదువేనా?

ప్రశ్న: మేం వనస్థలిపురంలో ఉంటాం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. సెలవులకు నల్గొండ దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్లినప్పుడల్లా బర్రెల ఒంటి మీది గోమార్లు ఏరి, శానిటైజర్ సీసాల్లో వేసి తెస్తోంది. నీట్ రాసి డాక్టర్ అవుతుందని మేం అనుకుంటుంటే, గోమార్ల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. వాళ్ల నాన్నగారికి ఒకటే టెన్షన్. దీనికంటూ ఒక చదువు, ఉద్యోగం ఉంటాయా? నలుగురూ అడిగితే ఏమని చెప్పుకోవాలి?

జవాబు: అమ్మా, నలుగురి సంగతి ముందు తేల్చేద్దాం. "పశువైద్యం చదవాలనుకుంటోంది" అనండి, చాలు. మిగతాది వాళ్లకు అక్కర్లేదు.

ఇక మీ అమ్మాయి సంగతి. నేనైతే మొదట ఆ సీసాలు తెమ్మంటాను. ఒక్కోదానిలో చీటీ ఉందా? ఏ తేదీ, ఏ ఊరు, బర్రెనా మేకనా, చెవిలో దొరికిందా పొదుగు దగ్గరా అని రాసి పెట్టిందా? రాసి ఉంటే ఇది సెలవుల సరదా కాదనుకోండి. రాయకపోయినా తప్పేం లేదు, ఇవాళే మొదలుపెట్టమనండి. ఈ రంగంలో పురుగు సగం పాఠం, అది పట్టుకున్న జంతువు మిగతా సగం.

ఎందుకో చెబుతాను. గోమారి అన్నా పిడుదు అన్నా ఒకటే. నిజానికి అది కీటకం కాదు, సాలీడుకూ తేలుకూ చుట్టం. ఎనిమిది కాళ్లుంటాయి, గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మాత్రం ఆరే. ప్రపంచంలో దాదాపు 900 రకాలున్నాయి, ఒక్కోదాని బతుకు ఒక్కో తీరు. మన ఆవుల మీద ఎక్కువగా కనిపించే రిపిసెఫాలస్ మైక్రోప్లస్ పిల్లగా ఎక్కిన ఆవు మీదే పెరిగి, మూడు వారాల్లో నెత్తురు నిండి రాలిపోతుంది. నేల మీద రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. హిమాఫిసాలిస్ స్పినిజెరా అనేది అలా కాదు, ఒక్కో దశలో ఒక్కో జంతువును వెతుక్కుంటుంది. 1957లో కర్ణాటక శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడి, చుట్టుపక్కల ఊళ్లలో జనానికి జ్వరాలు వచ్చినప్పుడు దొరికిన వైరస్‌ను మోసేది ఇదే. అక్కడి ఆవులు ఆ వైరస్‌ను పెద్దగా పంచవు. కానీ ఎదిగిన పిడుదులకు కడుపు నింపేది అవే, కాబట్టి పశువులు అడవిలో మేస్తే పిడుదులు పెరుగుతాయి. కోతినొక్కదాన్నే చూసినవాళ్లకు ఇది అర్థం కాదు. మీ అమ్మాయికి ఇలాంటి ముడులు విప్పడం మీద మనసుందా అన్నదే నా ప్రశ్న.

హైదరాబాద్ వాళ్లం కాబట్టి బేగంపేటలో రోనాల్డ్ రాస్ పనిచేసిన భవనం గురించి వినే ఉంటారు. 1897 ఆగస్టు 20న ఆయన దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అంతకు నాలుగేళ్ల ముందే, 1893లో, పశువుల జ్వరాన్ని పిడుదు మోస్తుందని అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు రుజువు చేశారు. దోమకు వచ్చినంత పేరు పాపం పిడుదుకు రాలేదు.

దారులు రెండు. నా మొగ్గు బీవీఎస్సీ, అంటే పశువైద్య డిగ్రీ వైపు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. మన రాజేంద్రనగర్‌లోనే వెటర్నరీ కాలేజీ ఉంది. అందులో పరాన్నజీవుల విభాగం వేరేగా ఉంటుంది, అదే సబ్జెక్టులో ఎంవీఎస్సీ, పీహెచ్‌డీ చేయొచ్చు. వాళ్ల నాన్నగారికి ఒక మాట చెప్పండి: నీట్ చదువు వృథా పోదు, దేశవ్యాప్త కోటా కింద 15 శాతం వెటర్నరీ సీట్లు ఆ ర్యాంకుతోనే ఇస్తారు. రాష్ట్ర సీట్ల కోసం ఈ ఏడాది నోటిఫికేషన్ దగ్గర పెట్టుకోండి.

అయితే ఆ ఐదున్నరేళ్లలో గోమారి కనిపించేది కొన్ని వారాలే. మిగతాదంతా ఈనని బర్రె, కుంటే కుక్క, కోళ్ల జబ్బులు, పేడ వాసన. అది పడుతుందో లేదో ఇంట్లో కూర్చుంటే తెలియదు. దగ్గర్లోని పశువుల దవాఖానలో డాక్టర్‌గారిని అడిగి రెండు మూడు పొద్దుటి పూటలు కూర్చోబెట్టండి. ఇష్టంగా వెనక్కి వస్తే సరే.

జంతువు కంటే మైక్రోస్కోపే ఇష్టమైతే రెండో దారి: బీఎస్సీ, తర్వాత ఉస్మానియాలోనో సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ, ఆపైన నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్. 2023 నుంచి అది మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరే. గచ్చిబౌలి వైపున్న జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ లాంటి చోట్లకు ఈ దారిలోనూ వెళ్లొచ్చు. కానీ మధ్యలో ఆగిపోతే చేతిలో మిగిలేది ఉత్త డిగ్రీ. వెటర్నరీ అయితే ఎక్కడ ఆగినా ప్రాక్టీసు ఉంటుంది. నా మొగ్గుకు కారణం ఇదే.

"పిడుదుల శాస్త్రవేత్త కావలెను" అని ప్రకటన రాదు. పశువైద్య విశ్వవిద్యాలయాలు, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) సంస్థలు, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ, మందులు, టీకాల కంపెనీలు ఇలాంటి చదువున్నవాళ్లను తీసుకుంటాయి. పిడుదులు మోసే థైలేరియా జబ్బుకు ఆవులకు వేసే రక్షావ్యాక్-టి టీకా మన హైదరాబాద్ కంపెనీ ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌దే. మందులకు లొంగని పిడుదులు పెరుగుతున్నాయి కాబట్టి పనికి కొదవ ఉండదు. పోస్టులే తక్కువ, పోటీ ఎక్కువ. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి అమ్మాయికి ఇరవై ఎనిమిది దాటొచ్చు. పెళ్లి మాట ఎత్తే ముందు ఈ లెక్క ఇంట్లో అందరికీ తెలియాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పండి: ఒట్టి చేత్తో పీకొద్దు, గోళ్లతో చిదమొద్దు. 2011లో గుజరాత్‌లో బయటపడ్డ క్రిమియన్-కాంగో జ్వరం పిడుదు కుట్టినా రావచ్చు, చిదిమినప్పుడు నెత్తురు అంటినా రావచ్చు. శానిటైజర్ ఆలోచన చెడ్డదేం కాదు, ల్యాబుల్లోనూ 70 శాతం ఆల్కహాల్‌లోనే దాస్తారు. ఈసారి ఊరికి వెళ్లేటప్పుడు సన్నమొన పట్టకారు, చేతి తొడుగులు, చీటీలు రాయడానికి ఒక పెన్సిల్ కొనివ్వండి. పెన్ను వద్దు, ఆల్కహాల్ తగిలితే సిరా చెరిగిపోతుంది.