గురువుగారి కోపాన్ని కూడా అచ్చు వేయాలా?

ప్రశ్న: మా ప్రొఫెసర్ గారు హైదరాబాదులో మూడు దశాబ్దాలకు పైగా చైనా చరిత్ర, తత్త్వశాస్త్రం బోధించి, పోయిన శ్రావణంలో కాలం చేశారు. సంవత్సరీకానికి ఒక సంస్మరణ సంచిక తేవాలని పాత విద్యార్థులమంతా అనుకున్నాం. ఇరవైకి పైగా వ్యాసాలు చేరాయి గాని, అన్నీ ఒక్క చేత్తో రాసినట్టే ఉన్నాయి. సారు ముక్కోపి. ఒకసారి నా టర్మ్ పేపరును క్లాసులో అందరి ముందూ బల్ల మీద పడేసి, "ఇందులో చైనా ఉంది, నువ్వెక్కడమ్మా?" అని అడిగారు. అది రాస్తానంటే, పోయినవారి గురించి అలాంటివి ఎందుకని మిత్రులు అభ్యంతరం చెబుతున్నారు. కన్ఫ్యూషియస్ మాటలను శిష్యులే కూర్చారని సారు చెప్పేవారు. వారు ఇలాంటివి వదిలేశారా?
– ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: వదిలేయలేదమ్మా. మీ మిత్రుల సంకోచం అర్థం చేసుకోదగినదే గాని, ఆ గ్రంథం మాత్రం మీ పక్షానే ఉంది. క్రీ.పూ. 479లో కన్ఫ్యూషియస్ మరణించిన తరువాత శిష్యులూ ప్రశిష్యులూ పోగుచేస్తూ వచ్చిన మాటలే 'లున్‌యు' పేరుతో 20 అధ్యాయాలుగా మనకు దక్కాయి. పట్టపగలు నిద్రపోయిన జై యు అనే శిష్యుణ్ణి, కుళ్లిన కర్ర చెక్కడానికి పనికిరాదని ఆయన తిట్టిన తిట్టు అందులో పేరుతో సహా ఉంది. వెయ్ రాజ్యపు రాణి నాన్జిని గురువు కలిసినందుకు జిలు అనే శిష్యుడు ముఖం ముడుచుకుంటే, తాను తప్పు చేసి ఉంటే ఆకాశమే తనను విడనాడుగాక అని గురువు శిష్యుడి ముందు ఒట్టు పెట్టుకున్న ఘట్టమూ ఉంది. ప్రియశిష్యుడు యాన్ హుయ్ చనిపోయినప్పుడు ఆయన హద్దు మీరి ఏడ్చారనీ, పక్కనున్నవారు ఆ మాటే అంటే, ఇతని కోసం కాకపోతే ఇంకెవరి కోసమని అడిగారనీ ఉంది. జీవితమంతా మర్యాదనూ నిగ్రహాన్నీ బోధించిన మనిషి గురించి ఇది దాచాలనుకుంటే దాచగలిగేవారే.

అయితే మీ సంచికకు ఈ కోపతాపాల కన్న ఎక్కువ పనికివచ్చేది 11వ అధ్యాయంలో ఉంది. విన్నదాన్ని వెంటనే ఆచరణలో పెట్టాలా అని జిలు అడిగితే, తండ్రీ అన్నలూ ఉండగా అలా ఎలా చేస్తావన్నారు గురువుగారు. అదే ప్రశ్న రాన్ యూ అడిగితే, వెంటనే చెయ్యమన్నారు. రెండు జవాబులూ విన్న గోంగ్‌షి హువా తికమకపడి, ఇదేమిటని అడిగాడు. రాన్ యూ వెనకాడే మనిషి కనుక ముందుకు తోశాననీ, జిలుకు ఇద్దరు మనుషులకు సరిపడే దూకుడు ఉంది కనుక వెనక్కి లాగాననీ ఆయన చెప్పారు. అడిగినవారి పేర్లు తీసేసి జవాబులు మాత్రమే భద్రపరచి ఉంటే, ఇవి ఒకదానితో ఒకటి పొసగని రెండు నీతివాక్యాలుగా మిగిలేవి. మీకు చేరిన వ్యాసాల లోపమూ ఇదేనని నా అనుమానం: సారు ఏమన్నారో ఉంటుంది, ఎవరు ఏమడిగితే అన్నారో ఉండదు. వ్యాసాలు తిప్పి పంపి, ఆ ఒక్క సంగతీ చేర్చమని అడగండి.

మన నగరంలో సంస్మరణ సంచికలకు కొదవ లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఒకటీ అరా ఎప్పుడూ తగులుతూనే ఉంటాయి. ముందు పది పేజీలు ప్రముఖుల సందేశాలు, తరువాత "నిరాడంబరులు", "తీరని లోటు". ఇతరులను అనడమెందుకు, మా గురువుగారి సంచికకు నేను రాసిన వ్యాసాన్నే మొన్న తిరిగి చదివితే, పేరు మారిస్తే ఎవరికైనా అతికేలా ఉంది. ఆయన చాక్‌పీసును రెండుగా విరిచి ఒక ముక్కను చొక్కా జేబులో వేసుకునేవారు; సాయంత్రానికి ఆ జేబు అడుగున తెల్లటి మరక తేలేది. అదొక్కటీ రాయలేకపోయాను.

ఒకే సంఘటన ఇద్దరికి రెండు రకాలుగా గుర్తుంటే సరిదిద్దకండి, రెండూ వేయండి. లున్‌యు 19వ అధ్యాయమంతా శిష్యుల మాటలే. జిషియా దగ్గర చదివినవాళ్లు ఊడ్వడానికీ అతిథులకు బదులు చెప్పడానికీ తప్ప మూలం తెలిసినవాళ్లు కారని జియూ ఎత్తిపొడవడం, దానికి జిషియా ఘాటుగా బదులివ్వడం అక్కడే ఉన్నాయి.

సంవత్సరీకానికే తేవాలన్న తొందర కూడా అక్కరలేదు. గురువు పోయాక శిష్యులు మూడేళ్లు సంతాపం పాటించి, విడిపోయేటప్పుడు గొంతు పోయేలా ఏడ్చారనీ, జిగోంగ్ మాత్రం వెనక్కి వచ్చి సమాధి దగ్గర ఇల్లు కట్టుకుని మరో మూడేళ్లు ఒంటరిగా ఉన్నాడనీ తరువాతి కాలపు చైనా తత్త్వవేత్త మెన్సియస్ చెప్పాడు.

ఇక మీ టర్మ్ పేపరు సంగతి. అది మీ దగ్గర ఇంకా ఉంటే, అంచుల్లో ఆయన దిద్దిన పేజీ ఒకటి ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయించి వేయండి. కింద ఆయన అడిగిన ప్రశ్న రాయండి. ఆ తరువాత మీరేం మార్చి ఇచ్చారో, దాన్ని చూసి ఆయన ఏమన్నారో మీ ఉత్తరంలో లేదు. అదీ రాయండి.