పాప ఆర్కిడ్ గింజల మీద పడిందని భయపడుతున్న అమ్మకి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకమ్మ రాశారు. కూతురు బీఎస్సీ బీజెడ్‌సీ ఫైనలియర్. ల్యాబ్‌లో ఆర్కిడ్ అనే పూలమొక్క గింజ స్లైడ్ చూసి ఫోన్‌లో ఫోటో తీసుకుందట, అప్పట్నుంచీ ఎమ్మెస్సీ బాటనీ చేస్తా, గింజలో పిండం ఎలా పెరుగుతుందో చదువుతా అంటోందట. ఇంట్లోవాళ్లేమో అమీర్‌పేటలో డేటా సైన్స్ కోచింగ్ అంటున్నారు. ఏది బెటర్ అని అడిగారు.

అమ్మా, మీరడిగింది కోర్సు గురించే గానీ లోపలున్న భయం వేరు, ఈ చదువు అన్నం పెడుతుందా అని. అది ప్రతి ఏడూ వింటాను, తప్పేం లేదు.

కానీ పాప ఏం చూసిందో మీకు తెలుసా? అసలు వెనీలా కాయ వేసిన ఐస్‌క్రీమ్‌లో కనిపించే నల్ల చుక్కలున్నాయే, అవి ఆర్కిడ్ గింజలే, వెనీలా కూడా ఒక ఆర్కిడే. శనగ గింజ నానబెట్టి విప్పితే బద్దలు, మధ్యలో మొలక కనిపిస్తాయి కదా, వీటిలో బద్దలుండవు, తిండి నిల్వ దాదాపు ఉండదు, వేరో ఆకో తేలని కణాల ముద్ద అంతే. చాలా ఆర్కిడ్లలో పువ్వు విచ్చేసరికి అండాలే తయారై ఉండవు, పుప్పొడి పడ్డాకే ఆ పని మొదలవుతుంది, వారాలూ నెలలూ పడుతుంది. మొలవాలంటే మట్టిలో ఫంగస్ దొరికి తిండి పెట్టాలి. 1922లో నడ్సన్ అనే అమెరికన్ ఫంగస్ లేకుండా చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించి చూపించాడు, నర్సరీలకి ల్యాబ్ సీసాల్లో ఆర్కిడ్లు పెంచే దారి అలా పడింది.

మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో వేరుశనగని అడవి జాతులతో క్రాస్ చేస్తే పిండం మధ్యలోనే చచ్చిపోతుంటే, దాన్ని బయటికి తీసి ల్యాబ్‌లో పోషకాలు కలిపిన మీడియంలో పెట్టి బతికించారు. అదీ ఈ చదువే.

ఇక డేటా సైన్స్. కోర్సు చెడ్డదని అనను, కానీ ఆ నాలుగు నెలల సర్టిఫికెట్ల మీద నాకు నమ్మకం తక్కువ. టెన్త్ తర్వాత లెక్కలు ముట్టని బైపీసీ పిల్లని తీసుకెళ్లి బీటెక్ వాళ్లతో ఒకే ఇంటర్వ్యూ లైన్లో నిలబెడతారు, ఫీజు కట్టేశాక ఏడాది తిరక్కుండానే బీఎడ్ చేయొచ్చా సార్ అని నా దగ్గరికొచ్చిన వాళ్లున్నారు. కోడింగ్ కావాలంటే ఎమ్మెస్సీ చేస్తూ నేర్చుకోవచ్చు, బయాలజీలో కూడా పనికొస్తుంది.

ఒక మాట గట్టిగానే అంటాను. పక్కింటబ్బాయి ప్యాకేజీ మూడుసార్లు రాశారు, పాప మార్కులు ఒక్కసారీ రాయలేదు. ఇదేం పద్ధతమ్మా?

ఎమ్మెస్సీతోనే పెద్ద జీతం రాదు, నెట్ పరీక్ష, పీహెచ్‌డీ దాకా ఓపిక కావాలి, అది దాచను. కానీ ఉస్మానియా, హెచ్‌సీయూ రెండూ ఊళ్లోనే ఉన్నాయి, విత్తన కంపెనీలూ, మొక్కల్ని సీసాల్లో పెంచే టిష్యూ కల్చర్ ల్యాబ్‌లూ చుట్టుపక్కలే ఉన్నాయి, పాప రోడ్డున పడదు. ఈ సెలవుల్లో ఒక టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో నెల పని చెయ్యనివ్వండి, రోజంతా సీసాలు కడిగాక కూడా ఇష్టం ఉంటే అప్పుడు చేర్పించండి. ముందు ఇవాళ రాత్రి అన్నాలయ్యాక ఆ ఫోన్‌లో ఫోటో చూపించమనండి.