మౌజూ ఏది, మతలబు ఏది

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన దానికి "దూకొద్దు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాను. అప్పుడు ఇంటినిండా చుట్టాలు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నీ ప్రశ్న నాకు గుర్తుంది. అవిసెన్నా అని కూడా పిలిచే తత్వవేత్త ఇబ్న్ సీనా రాసిన "షిఫా" గ్రంథంలో నువ్వు చదువుతున్న భాగం పేరు ఇలాహియ్యాత్, అంటే దైవ సంబంధమైనవి. తీరా తెరిస్తే మొదటి అధ్యాయంలోనే, దేవుడు ఈ శాస్త్రానికి విషయం కాదంటాడు. ఇదేం తిరకాసు మావయ్యా, దేవుడి గురించి చెప్పే ఎనిమిదో మఖాలాకి (అంటే ప్రకరణానికి) నేరుగా వెళ్లిపోనా అన్నావు.

నేను అలాగే వెళ్లాను. ఎం.ఏ.లో ఉండగా, పది మఖాలాల పుస్తకంలో ఎనిమిదోది తెరిచి, కారణాల గొలుసు ఎక్కడో ఒకచోట ఆగాలన్న వాదన పట్టుకుని, సెమినార్‌లో నలభై నిమిషాలు దంచాను. అయ్యాక వెనక బెంచీలోంచి ఒక పెద్దాయన "బాబూ, ఈ శాస్త్రానికి విషయం ఏమిటి?" అని అడిగారు. "దేవుడండీ" అన్నాను. "మరి దేవుడు ఉన్నాడని నిరూపించేది ఏ శాస్త్రం?" అన్నారు. "ఇదేనండీ" అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా టీ తాగడానికి వెళ్లిపోయారు. నా రెండు జవాబులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని నాకు తెలిసిరావడానికి మూడు నెలలు పట్టింది.

అది నీకు మొదటి వారంలోనే తెలియాలి. మీ తాతయ్య ట్రంకుపెట్టెలో పాత భూమి కాగితాలు చూశావు కదా, "మౌజే ఫలానా" అని ఊరి పేరు రాసి ఉంటుంది. ఆ మౌజే అరబిక్ మాట. పెట్టడం, ఉంచడం అనే ధాతువులోంచి వచ్చింది. శాస్త్రానికి విషయమైన దాన్ని ఇబ్న్ సీనా అదే ధాతువుతో మౌజూ అంటాడు (అరబ్బులు మౌదూ అన్నట్టు పలుకుతారు). ముందే అక్కడ పెట్టి ఉన్నది అని. శాస్త్రం వెతికేదాన్ని మత్లూబ్ అంటాడు. "ఏమిటి దీని మతలబు?" అని మనం రోజూ వాడే మాటకి అది అన్నదమ్ముల వరస. చైను పట్టుకుని పొలంలోకి దిగిన సర్వేయరు హద్దులు వెతుకుతాడు. అసలు నేల ఉందా లేదా అని వెతకడు. నేల ఆయనకి మౌజూ, హద్దు మతలబు. ఈ రెండూ కలిపేశావంటే ఇలాహియ్యాత్‌లో ఒక్క పేజీ కూడా ముందుకు సాగదు.

ఈ పట్టింపు అరిస్టాటిల్ నుంచి వచ్చింది. శాస్త్రమంటే విషయం, మూల సూత్రాలు, తేల్చాల్సిన ప్రశ్నలు ఉండాలి. తన విషయం ఉందని ఏ శాస్త్రమూ తనంతట తాను నిరూపించుకోదు. గణితానికి పరిమాణం, భౌతికానికి చలనమూ నిలకడా ఉన్న వస్తువు విషయాలు. అవి ఉన్నాయని ఒప్పుకునే ఆ పని మొదలవుతుంది. మరి అధిభౌతికానికో, అంటే ఇలాహియ్యాత్ చెప్పే ఈ మెటాఫిజిక్స్‌కో? ఇబ్న్ సీనా ఇక్కడ వకీలులా ఒక్కో తలుపూ మూసుకుంటూ వస్తాడు. దేవుడి ఉనికి దానంతటదే తెలిసిపోయేది కాదు. అలాగని తెలుసుకోవడం అసాధ్యమూ కాదు, ఋజువు ఉంది. పోనీ వేరే శాస్త్రం నిరూపించి ఇస్తుందా అంటే నీతి, రాజనీతి, గణితం, తర్కం, భౌతికం, వేటికీ అది పని కాదు. కాబట్టి వెతకాల్సింది ఇక్కడే. ఇక్కడ వెతికేది ఇక్కడ ముందే పెట్టి ఉన్నది కాలేదు.

సరే, కారణాలే విషయం అందామంటే దానికీ ఒప్పుకోడు. కారణం అనేది ఒకటి ఉందని ఇంద్రియాలు చెప్పవట. ఒకదాని వెంట ఇంకొకటి రావడం వరకే అవి చూపిస్తాయి. ఈ వాక్యం దగ్గర పెన్సిల్ గీత పెట్టు, నీ మిగతా పేపర్లలో కూడా పనికొస్తుంది.

చివరికి మిగిలేది "ఉన్నది, ఉన్నది అయినంతవరకు". గుర్రమనో, సంఖ్య అనో కాదు, ఉన్నదిగా మాత్రమే. దీన్ని నిరూపించమని ఎవరూ అడగరు, అంతకంటే ముందు తెలిసేది ఏదీ లేదు కనుక. ఒకటి, అనేకం, కారణం, కార్యం, అవశ్యం (ఉండి తీరాల్సింది), సంభవం (ఉండొచ్చు, లేకపోవచ్చు), ఇవన్నీ దానికి అంటుకుని వచ్చే లక్షణాలు. దేవుడు గమ్యం. వైద్యానికి విషయం శరీరమైనా గురి ఆరోగ్యం అయినట్టు. ఇలాహియ్యాత్ అన్న పేరు ఆ గురిని బట్టి వచ్చింది.

ఇక్కడ నీకో అనుమానం రావాలి. రాకపోతే ఇంకోసారి చదువు. ఉన్నదంతా విషయమైతే, ఉన్నదానికి మూలాన్ని వెతకడం తన విషయాన్ని తానే నిరూపించుకోవడం కాదా? ఆయనే ఆ అనుమానం లేవనెత్తి జవాబిస్తాడు: ఆ మూలం ఉన్నదానికంతటికీ మూలం కాదు, అలాగైతే తనకు తానే మూలం కావాలి. ఉన్నవాటిలో కారణం వల్ల ఉన్నవాటికే అది మూలం. నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే ఇష్టమైన మెలిక ఇదే.

నీ ఒక్కదానికే అర్థం కావట్లేదని టెన్షన్ పడకు. ఆ మహానుభావుడికే మొదట కాలేదు. అరిస్టాటిల్ మెటాఫిజిక్స్ నలభై సార్లు చదివి కంఠతా వచ్చినా, దీని ఉద్దేశమేమిటో అంతుబట్టలేదని స్వీయకథలో చెప్పుకున్నాడు. ఒక మధ్యాహ్నం పుస్తకాల బజారులో ఒక దళారీ ఏదో పుస్తకం చేతిలో పెడితే, ఈ శాస్త్రం వల్ల ప్రయోజనం లేదని విసుక్కుని తిరిగిచ్చేశాడట. తీసుకోండి, చవకే, యజమానికి డబ్బు అవసరం అంటే మూడు దిర్హాములిచ్చి కొన్నాడు. అది ఆ మెటాఫిజిక్స్ ఉద్దేశాల మీద ఆయనకి ముందుతరం తత్వవేత్త అల్ ఫారాబీ రాసిన పుస్తకం. ఇంటికెళ్లి చదవగానే అంతా విచ్చుకుంది. మర్నాడు బీదలకి బాగా దానం చేశాడు. ఇదంతా పద్దెనిమిదేళ్లు నిండకముందే సుమా.

ఆ చిన్న పుస్తకంలో ఏముందంటే, నీ తిరకాసే ఉంది. అంతకు ముందు 9వ శతాబ్దంలో అల్ కిందీ అనే తత్వవేత్త ఈ విద్యని మొదటి సత్యాన్ని తెలుసుకోవడం అన్నాడు. జనం కూడా ఇది దేవుడి గురించేనని తెరిచి, అరిస్టాటిల్ గ్రంథంలో లామ్ అనే అరబిక్ అక్షరంతో గుర్తించే ఒక్క భాగంలో తప్ప ఆ మాట కనబడక తికమక పడుతున్నారని ఫారాబీ అంటాడు. ఇది అన్నిటికీ ఉమ్మడి అయిన శాస్త్రమని ఆయన తేల్చాడు. నువ్వు ముందు ఈ నాలుగు పేజీలు చదివి, ఆ తర్వాతే షిఫా తియ్యి. దీన్ని అచ్చు వేసిన చోట్లలో మన హైదరాబాద్ కూడా ఒకటి. 1888లో పెట్టిన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు వేశారు. ఫఖ్రుద్దీన్ రాజీ, అబుల్ బరకాత్ బగ్దాదీ అనే తర్వాతి ఆలోచనాపరుల పెద్ద గ్రంథాలు కూడా అక్కడ అచ్చయ్యాయి.

షిఫాకి మర్మూరా అనువాదం తీసుకో, 2005లో వచ్చింది. ఒక పక్క అరబిక్, ఎదురుగా ఇంగ్లీషు. అరబిక్ రాదని భయం వద్దు. మౌజూద్ (ఉన్నది), ముమ్కిన్ (సాధ్యమైనది) హైదరాబాద్ ఆటోవాళ్ల నోట కూడా వినిపిస్తాయి. వాజిబ్ మన "వాజబు"లో ఉంది. కానీ వాజబైన ధరలోని అర్థం పట్టుకుని ఇబ్న్ సీనా దేవుణ్ణి పిలిచే వాజిబుల్ వుజూద్ అన్న మాట దగ్గరికి వెళ్లకు, అక్కడ అది లేకుండా ఉండజాలనిది. అలాగే రెండు పేజీలు కాగానే బ్రహ్మసూత్రాలతో పోలిక మొదలుపెట్టకు. సెమినార్లలో చప్పట్లు పడతాయి, అంతే.

ఎదుటి పక్షం తర్వాత. 1198లో పోయిన తత్వవేత్త ఇబ్న్ రుష్ద్, భౌతికమే ఆది చాలకుణ్ణి (అన్ని చలనాలకీ మొదటి కారణమైన దేవుణ్ణి) నిరూపించి ఇస్తుంది, అధిభౌతికం అక్కడినుంచి అందుకుంటుంది అని ఇబ్న్ సీనాతో తగువు పెట్టుకున్నాడు. నాకు ఆ వాదన అంత ఎక్కలేదు, నువ్వు చూడు. తత్వవేత్తలని ఎదిరించిన మతపండితుడు గజాలీ (1058–1111) వేరే రకం. లెక్కలతో, తర్కంతో ఆయనకి పేచీ లేదు. తర్కంలో మీరే పెట్టుకున్న షరతులు అధిభౌతికంలో మీరే పాటించలేదు అని ఇరవై ప్రశ్నలు వేశాడు. ఇది శాస్త్రమేనా అన్న సవాలు అది. దాని పదును తెలియాలంటే ముందు ఆ షరతులు తెలియాలి, అందుకే వెనక్కి పెట్టమంటున్నాను.

ఎనిమిదో మఖాలాకి జూన్‌లో వెళ్లొచ్చు. ఈలోగా మొదటి మఖాలా మొదటి రెండు అధ్యాయాలు తెలుగులో నీ మాటల్లో రాసి పంపు, రెండు పేజీలు చాలు. ఎక్కడ మౌజూ అన్నాడో ఎర్ర సిరాతో, ఎక్కడ మత్లూబ్ అన్నాడో నీలం సిరాతో గీత పెట్టు. అమ్మని అడిగానని చెప్పు.

మావయ్య