పాలిష్ చేసిన టెలిస్కోప్ అద్దం టెస్టులో పూటకో రకంగా ఎందుకు కనిపిస్తోంది?

6 అంగుళాల అద్దం ఇంట్లోనే అరగదీశారు, పాలిష్ దాదాపు అయింది. ఫూకో టెస్టులో (అద్దం నుంచి తిరిగొచ్చే కాంతికి బ్లేడు అంచు అడ్డుపెట్టి, నీడల్లో ఎత్తుపల్లాలు చూసే పరీక్ష) ఒకసారి నడుమ గుట్టలా, గంటాగి చూస్తే సాఫీగా కనిపిస్తోంది, అంచు వాలిపోతోంది, గాజు మార్చేయాలా అని రాయగడ నుంచి అడిగారు.

గాజు మార్చకండి. మాది పర్లాకిమిడి. నా మొదటి అద్దం కూడా 6 అంగుళాలే, ఎఫ్/8 (అంటే ఫోకస్ దూరం వెడల్పుకు 8 రెట్లు). రెండు నెలలు అచ్చంగా ఇదే టెన్షన్ పడ్డాను.

ఒకటి చేసి చూడండి. అద్దం టెస్టు స్టాండు మీద ఉండగా బొటనవేలిని దాని ముఖానికి 10 సెకన్లు ఆనించి తీసేయండి. వెంటనే బ్లేడు దగ్గర కన్ను పెడితే, వేలు తగిలిన చోట బొడిపె లేచి కనిపిస్తుంది. తర్వాత మెల్లగా అణిగిపోతుంది. వేలి వేడికే అంత లేస్తే, అరగంట సేపు రెండు చేతులతో తోసిన అద్దం మాటేమిటి? మన సైజు అద్దంలో నడుమ కలిపి అంచున కొలిస్తే, గోళపు వంపుకూ, చివరికి మనకు కావలసిన పారాబొలా వంపుకూ ఉన్న తేడా మిల్లీమీటరును 3,000 భాగాలు చేస్తే అందులో ఒకటి కూడా రాదు. వేడిగా ఉన్న అద్దాన్ని చూసి దిద్దడం మొదలుపెడితే లేని గుట్టను అరగదీస్తాం. నేను అలాగే నడుమ గుంట చేసుకున్నాను, దాన్ని పూడ్చడానికి మూడు వారాలు పట్టింది.

అందుకే ఇప్పుడు సాయంత్రం పాలిష్ చేసి, కడిగి, తుడిచి స్టాండు మీద పెట్టేస్తాను. టెస్టు మర్నాడు తెల్లవారకముందే. అంత ఆగలేకపోతే కనీసం రెండు గంటలైనా ఆగండి. మామూలు కిటికీ గాజు పైరెక్స్ (వేడికి తక్కువ సాగే గాజు) కన్నా దాదాపు మూడు రెట్లు వ్యాకోచిస్తుంది, కాబట్టి మీది అదైతే ఆగడం ఇంకా ముఖ్యం. ఫ్యాన్ కూడా ఆపేయండి, గాలి కదిలితే అద్దం మీద పొగ ఆడినట్టు ఉంటుంది.

ఇక అంచు. అది చాలావరకు పిచ్ (అద్దాన్ని రుద్ది పాలిష్ చేసే జిగురు పొర) పని. నేను రోజిన్ కరిగించి ఆముదం కలిపి చేసుకుంటాను. సంక్రాంతి చలికి సరిపోయిన పిచ్ వైశాఖం ఎండలకు మెత్తబడిపోయింది. అద్దం అందులోకి దిగబడి, పిచ్‌లో కోసిన గాళ్లు పూడుకుపోయి, అంచు ఎక్కువగా అరిగింది. మళ్లీ కరిగించి ఇంకాస్త రోజిన్ వేశాను. బొటనవేలి గోటితో గట్టిగా నొక్కితే కొన్ని సెకన్లకు గాటు పడాలి. వెంటనే పడితే మెత్తనన్నమాట. సన్న సెగ మీద, ఆరుబయట కరిగించండి, అంటుకుంటే ప్రమాదం. తోపు (అద్దాన్ని ముందుకూ వెనక్కీ తోసే దూరం) అద్దం వెడల్పులో మూడో వంతు దాటనివ్వకండి. అరచేతుల బరువు నడుమే ఉండాలి.

అంచు కుదిరాక, అల్యూమినియం పూతకు పంపేముందే అద్దాన్ని గొట్టంలో పెట్టి చంద్రుణ్ని చూడండి. ఉత్త గాజు 4 శాతం కాంతినే తిప్పి పంపుతుంది. చంద్రుడికి అది చాలు, చంద్రుడి మీది గుంటల అంచులు స్పష్టంగా తెలుస్తాయి. మసకగా ఉంటే పూతకు డబ్బు పెట్టకుండా మళ్లీ పిచ్ దగ్గరికి వెళ్లొచ్చు.